మేనమామ వాటా చేప

లుయోజి దగ్గర కాంగో నది బండల మీదుగా దూకే చోట వల వేసేవాళ్లలో మబియాలా అంత నెమ్మదస్తుడు లేడు. నలభై మూడేళ్లలో రెండే రెండుసార్లు పరుగెత్తాడు. ఒకసారి మొసలిని చూసి. రెండోసారి తన పెళ్లిలో మేనమామ న్లండు ప్రసంగానికి లేచినప్పుడు.

అలాంటి మనిషిని సైన్సు వరించింది. మూడు దేశాల మ్యూజియంలు కలిసి డబ్బు పోసి, ఇంకా పేరు పెట్టని నది చేపల్ని వెతికి జాతులవారీగా నమోదు చేసే పని మొదలుపెట్టాయి. ఆ పని మీద కిన్షాసా నుంచి దిగిన చేపల పరిశోధకురాలు డాక్టర్ లుజోలో, మబియాలాని మూడు నెలలకు పెట్టుకుంది. ఈలోగా పుస్తకాల్లో లేని చేప ఒక్కటి సీసాలోకి చేరితే మరో మూడేళ్లు కొలువు. లేకపోతే ఇంటికే.

పదకొండో వారంలో పడింది చేప. వేలెడంత, పాలిపోయిన ఒళ్లు, కళ్లుండాల్సిన చోట ఉత్త చర్మం, తోక దగ్గర నల్లచుక్క. మబియాలా దాన్ని తిన్నగా మేనమామ ఇంటికి పట్టుకెళ్లాడు. ఎన్నడూ చూడని చేప వలలో పడితే మొదటిది మేనమామది, అది అక్కడి ఆనవాయితీ. ఇవ్వకపోతే ఆయన వలని దీవించడు. దీవెన లేని వలలో ఆకులు తప్ప మరేమీ పడవు.

డాక్టరమ్మ పరుగున వచ్చేసరికి న్లండు వేళ్లు నాకుతున్నాడు.

"పెద్దాయనా! ముల్లయినా మిగిల్చారా?"

"ముల్లెక్కడిదమ్మా, వెన్నలా ఉంటేనూ! కాస్త చేదు తగిలింది. ఇంకో మిరపకాయ పడాల్సింది."

మబియాలా మిగిలిన రోజులన్నీ అదే బండ వెనక నడుం లోతు నీళ్లలో నిలబడ్డాడు. గడువుకు ఒక్కరోజు ముందు రెండోది పడింది. రెండోది పట్టినవాడిదే. తీసుకుని డాక్టరమ్మ గుడారానికి వెళ్తే, న్లండు అప్పటికే అక్కడ కుర్చీ వేసుకుని ఉన్నాడు.

"ఏదీ, ఇలా తే." వెలుతురుకు పెట్టి చూశాడు. "తోక దగ్గర చుక్కుంది. నేను తిన్నదానికి లేదు. ఇది వేరే జాతి. అంటే ఇదీ మొదటిదే."

ఇలాంటి ప్రశ్నల కోసమే డాక్టరమ్మ ఇరవయ్యేళ్లు చదివింది. పెద్దాయన మాట ఒప్పుకుంటే నదికి రెండు కొత్త జాతులు, రెండూ ఆయన కడుపులో. కాదంటే జాతి ఒక్కటే, కానీ సీసాలో.

"రెండూ ఒకటేనండీ," అంది.

"నువ్వు మొదటిదాన్ని చూశావా?"

"లేదు."

"నేను తిన్నాను. మనిద్దరిలో ఎవరికి తెలుస్తుందమ్మా?"

ఇద్దరూ మబియాలా వైపు తిరిగారు. మేనమామ మాట కాదనడం అతని వంశంలో ఎవరూ చేసిన పని కాదు. అయినా నోరు విప్పాడు.

"దానికీ చుక్కుంది మావయ్యా. నువ్వు తోకే ముందు కొరుకుతావు. చూసుకోలేదు."

"నేను తోక ముందు కొరుకుతానని ఎవడ్రా చెప్పింది?"

"మా అమ్మ."

"అక్క చిన్నప్పటి నుంచీ నా కంచంలోకే చూసేది," అని న్లండు గొణిగి చేపని వదిలేశాడు. అది సీసాలోకి జారింది. ఆయన చేప కుళ్లకుండా సీసాలో పోసిన మందు వాసన చూసి, పాపం అన్నట్టు మొహం పెట్టాడు.

"అయితే నీకు మూడేళ్లు కొలువు ఖాయమేనా?"

"ఖాయమే మావయ్యా."

"వల ఇలా తేరా, గట్టిగా దీవిస్తాను. మూడేళ్లలో ఎన్ని మొదటివి పడతాయో!"