విశ్వాసమ్మ నీళ్లకుండ

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు రాజంపేట దగ్గరి ముగ్గురాయి గనిలో విశ్వాసమ్మకు పని దొరికింది. గని తెల్లవాళ్ల సీమకంపెనీది. కొత్తగా వచ్చిన దొర, కూలీలకు నీళ్లు పోయమని ఆమెను నీడన కూర్చోబెట్టాడు. ఇల్లు గడిచేది ఆ జీతం మీదే.

కానీ ఆమె కూర్చోలేకపోయేది. లేచి చెంబు కడిగేది, కుండ మూత తీసి చూసేది, మళ్లీ కూర్చునేది. ఆమె ఉండే చర్చి వీధివాళ్లు నలుగురు తాగినా కుండ దిగేది కాదు. తక్కినవాళ్లు గుంతలోంచి ఎక్కి, ఆమె ముందునుంచే రెడ్డి తోట బావికి పోయేవారు. మాలోళ్ల చేతి నీళ్లు రైతు బిడ్డలు తాగరని అందరికీ తెలుసు, దొరకు తప్ప. నీళ్లు మంచివేనని ఆయన అందరి ముందర ఒక చెంబు తాగి చూపించాడు.

"అయిపాయ," అని గొణిగాడు మేస్త్రీ హనుమన్న. "దొర నోరు గూడా తగిలె. ఇంగెవురు తాగుతారు?"

శనివారం దొర మాటను అతనే తెలుగులో చెప్పాడు. "నువ్వు కుండ సరిగ్గా తోమవంట. ఇట్లే ఉంటే వేరే మనిషంట."

"నేను తోముతాండేది నీకు తెలీదా? నిజం చెప్పప్పా దొరకు."

"యాడ చెప్పేదే! ఊరి పరువేం గావల్ల?"

విశ్వాసమ్మ దొరను చేత్తో రమ్మని పిలిచి, తోట దారి పట్టింది. బావికి ఎడంగా వంగి దోసిలి పట్టింది. పెద్ద ఈరన్న అనే కూలీ, చెంబు తగలకుండా పైనుంచి పోశాడు. తాగి, ఇప్పుడన్నా తెలిసిందా అన్నట్టు దొర ముఖంలోకి చూసింది.

దొర ముఖం వెలిగింది. ఈ బావి నీళ్లు రుచి కాబోలు, రోజూ ఇవే తెమ్మన్నాడు.

ఆ బావిని ఆమె ముట్టకూడదు. నిజం చెప్పలేని హనుమన్న, రోజూ పొద్దున్నే తానే తోడి ఆమె కుండ నింపాడు. ఆ నలుగురు తప్ప ఎవరూ తాగలేదు. సాయంత్రం దొర వచ్చేలోపు రాళ్లగుట్ట వెనక పారబోయమనేవాడు. ఖాళీ కుండ చూసి దొర శభాష్ అనేవాడు.

వాన మొఖం చూడని ఏడాది అది. పారబోసిన చోట మన్ను బుసబుసమని నీళ్లు పీల్చే చప్పుడు తనకు నిద్రలోనూ వినిపించేదని చాలా ఏళ్ల తర్వాత ఆమె నాతో చెప్పింది, చెబుతూనే లేచి నిలబడి.

ఒక పొద్దున హనుమన్న ముందర కుండ బోర్లించింది.

"నీళ్లు పారబోసే పని నాకొద్దప్పా. గుంతలో రాళ్లెత్తుతా."

"దొరకేం చెప్పేదే?"

"ఏందో ఒగటి చెప్పు. నీకలవాటే గదా."