పెట్టెల మాస్టారి మీద నా అభ్యంతరం

ఆ రోజుల్లో పోర్ట్ బ్లెయిర్‌లో ఒక మనిషి నాలుగు వారాలు కనబడకపోయినా ఎవరూ కంగారుపడేవారు కాదు. "మెయిన్‌ల్యాండ్ వెళ్ళాడు" అంటే సరిపోయేది. ఓడ టికెట్టు దొరికిందంటే పొయ్యి మీది అన్నం దింపి పరుగెత్తవలసిందే కనుక, చెప్పి వెళ్ళే తీరిక ఎవరికీ ఉండేది కాదు. విశాఖపట్నం చేరి ఉత్తరం రాస్తే, అది మళ్ళీ ఓడెక్కి వచ్చేలోపు రాసినవాడే ముందు దిగేవాడు. ఈ ఏర్పాటు ఒక హంతకుడికి ఎంత అనుకూలమో నాకు పదహారో ఏట, ఒక సినిమా చూశాక గానీ తెలిసిరాలేదు.

అమ్మా నాన్నా లేని నన్ను పెంచింది మా మేనత్త. నర్సు ఉద్యోగం చేస్తూ, గోల్ ఘర్‌లో రెండు గదుల ఇంట్లో నన్ను పెట్టుకుని, పెళ్ళి మాటెత్తితే కసిరేది. అలాంటి అత్త నలభయ్యో ఏట షాదీపూర్‌లో ఉండే ఒక మాస్టారిని చేసుకుంటానంది. ఆయన భార్య పోయి చాలాకాలమైంది. మా తెలుగు సంఘంలో పెద్ద. తెల్లచొక్కా మడత నలగదు, గొంతు లేవదు, చీమను కూడా ఊది పక్కకు తప్పిస్తారు. ఊళ్ళో అందరూ ఆయన్ను పెట్టెల మాస్టారు అనేవారు. సెలవు మీద మెయిన్‌ల్యాండ్ వెళ్ళేవాళ్ళు తమ ట్రంకు పెట్టెను నమ్మకమైన ఇంట్లో ఉంచి వెళ్ళడం మా దగ్గర అలవాటు, ఆయన కంటే నమ్మకమైన ఇల్లు లేదు. వరండా పక్క గదిలో ఒకదాని మీద ఒకటి తొమ్మిది పెట్టెలు ఉండేవి.

సరిగ్గా అప్పుడే పక్కింటి దీదీ నన్ను మ్యాట్నీకి తీసుకెళ్ళింది. నిజంగా జరిగిన కథ అని మొదట్లోనే వేశారు. ఇంటర్వెల్ దాకా ఏమీ జరగదు. ఒక పెద్దమనిషి చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు, మొక్కలకు నీళ్ళు పోస్తాడు, ముసలమ్మలను రోడ్డు దాటిస్తాడు. దీదీ హాయిగా నిద్రపోయింది. (నేనూ నిద్రపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు.) ఇంటర్వెల్ తర్వాత మెల్లమెల్లగా తెలుస్తుంది, ఊరెళ్ళారని ఆయన చెప్పినవాళ్ళంతా ఆ పూలమొక్కల కిందే ఉన్నారని. వాళ్ళ పెట్టెలు మాత్రం గదిలో వరసగా పేర్చి, రోజూ గుడ్డతో తుడుస్తూ ఉంటాడు. నా చేతిలో శనగల పొట్లం జారి కింద పడింది. మాస్టారు కూడా శనివారం శనివారం ఆ పెట్టెలు తుడుస్తారు.

మర్నాడే విచారణ మొదలుపెట్టాను. "ఈ పెట్టెలు ఎవరివి మాస్టారూ?" అన్నాను. "మెయిన్‌ల్యాండ్ ఎల్లినప్పుడు పెట్టీసేరమ్మా" అన్నారు. "మరి తీసుకెళ్ళలేదేం?" అంటే, చిన్నగా నవ్వి "ఏటి సేస్తాం, కొందరలాగే ఒదిలీస్తారు" అన్నారు. తిరిగొచ్చారా అని అడగలేదు. హంతకుణ్ణి అంతకుమించి అడిగినవాళ్ళకు ఏం జరుగుతుందో సినిమాలో చూశాను. పెరట్లో బొప్పాయి చెట్లు మరీ ఏపుగా ఉన్నాయనిపించింది. ఆయన పంపిన పండు ముట్టలేదు. అత్తతో చెబితే "నీకు మతి గానీ పోనాదా?" అని సినిమాలు మాన్పించింది.

మా చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. రెండు అయిపోయాయి. మూడో ఆదివారం పాస్టరు అయ్యగారు కళ్ళజోడు సవరించుకుని, "ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలియజేయవలెను" అని చదివి, ఎప్పటిలాగే కాగితం మడవబోయారు. నేను లేచి నిలబడ్డాను. అత్త చెయ్యి పట్టుకుని లాగింది, కూర్చోలేదు. "అయ్యగారూ, మాస్టారింట్లో తొమ్మిది పెట్టెలున్నాయి. ఆ పెట్టెలవాళ్ళందరూ ఏమైపోయారో చెప్పమనండి" అన్నాను.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి హోప్ టౌన్ మామయ్య, అవతలి ఒడ్డు నుంచి బోటులో వచ్చే ఆయన, నెమ్మదిగా లేచాడు. "నీలంది నాదేనమ్మా. నానొచ్చి మూడేళ్ళయిపోనాది. అంత పెట్టె బోటులో ఎక్కించడం కుదర్నేదు. మాస్టారు ఏటీ అనరు కదాని ఉంచీసేను." వెనక నుంచి పి.డబ్ల్యు.డి. గుమస్తా లేచి, "హరావాలా, ఆ ఆకుపచ్చది, మాది బేటీ, క్వార్టర్‌లో జాగా లేదు" అన్నాడు. తర్వాత పాటల మేళంలోంచి ఇద్దరు లేచారు. నేను చంపి పాతిపెట్టినవాళ్ళందరూ ఇస్త్రీ బట్టలతో ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. చివరికి అయ్యగారు కూడా దగ్గి, "గొళ్ళెం విరిగిన నల్లపెట్టె... అది నాది" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

మాస్టారు నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, "ఇంకేటైనా అడగాలామ్మా? అడిగీ. నువ్వు సరే అంటేనే పెళ్ళి" అన్నారు. నా ప్రశ్నలు అయిపోయాయనే అనుకున్నాను. కానీ నోరు ఊరుకోలేదు. "అత్త మీ ఇంటికొచ్చేస్తే, నేనెక్కడుండాలి?"

అత్త మాస్టారి వైపు చూసింది. "అదేటి, మీరు చెప్పనేదా?" ఆయన తెల్లబోయి, "నువ్వు చెప్పేసుంటావనుకున్నాను" అన్నారు. "నీకు మంచం కూడా చేయించీసేనమ్మా, కిటికీ పక్కన" అని నాతో అంటుంటే ఆయన గొంతు మొదటిసారి తడబడింది. అత్త నన్ను గట్టిగా పట్టుకుని, "నిన్నొదిలీసి నానెక్కడికెల్తానే?" అని అందరిముందూ ఏడ్చేసింది. పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. నేనూ ఏడ్చాను, ఎంతో సుఖంగా.

ఇప్పుడు నా వయసు అప్పటి అత్త వయసును ఎప్పుడో దాటిపోయింది. ఈ కథను చాలాకాలం సినిమా పిచ్చి కింద చెప్పి నవ్వించాను. అత్త ప్రాణం కోసం లేచానని నాకు నేను కూడా చెప్పుకున్నాను. నిజానికి ఆ ఇంట్లో నాకు చోటుందా అన్న ఒక్క మాట అడగడానికి ఆ పిల్లకు తొమ్మిది హత్యలు కావలసివచ్చాయి.