మెట్ల కింది జాడీ

మా ఇంటి మొత్తంలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. ఈ సంగతి సైదాబాద్‌లోని మా గల్లీలో మేకలకు కూడా తెలుసు. ఎదురుపడిన ప్రతి ఒక్కరికీ నేనే చెప్పాను కాబట్టి. అయితే అంతకన్నా పెద్ద వార్త ఇంకోటి ఉంది: మా పెద్దమ్మకు నౌకరి వచ్చింది. బడి గడప తొక్కని మనిషికి, వైన్ తయారుచేసే చోట! అదెలా వచ్చిందో చెప్పాలంటే దెబ్బల గురించి కూడా చెప్పాలి.

మాది చర్చికి వెళ్లే కుటుంబం. క్రిస్మస్‌కు ఇంట్లోనే వైన్ చేసుకోవడం మా వాళ్ల అలవాటు. మార్చిలో అఫ్జల్‌గంజ్ బండ్ల మీద నల్లద్రాక్ష చవకైనప్పుడు పెద్దమ్మ జాడీ వేసేది. పండ్లు చిదిమి, చక్కెర, గుప్పెడు గోధుమలు కలిపి, పొడవాటి తెడ్డుతో రోజూ తిప్పేది. మూడు వారాలకు వడకట్టి, మళ్లీ జాడీలో పోసి, మూత పెట్టి చుట్టూ పిండి మెత్తేది. డిసెంబరు దాకా అది ఆగాలి. ఆమె మొగుడు, మా పెద్దబాపు ఆగడు. జాడీ దొరికితే పచ్చిదే తాగేవాడు. పుల్లగా ఉంటే పులుపని కొట్టేవాడు. బాగుంటే ఇంకా ఎక్కడ దాచావని కొట్టేవాడు. ఒక ఏడాది పెద్దమ్మకు రెండు పళ్లు పోయాయి. మరో ఏడాది ఎడమ చెవి పోయింది.

అందుకే మూడేళ్లుగా జాడీ పక్కింటి ఖాలా మెట్ల కింద ఉంటోంది. ఖాలా ఐదు పూటలా నమాజు చేసే మనిషి.

"మేరేకు కుచ్ నై మాలూమ్. మెట్ల కింద ఏమున్నదో నేను చూడలె," అంటూనే జాడీ మీద గోనెపట్టా కప్పింది తనే.

చివరి సెమిస్టర్‌లో నా ప్రాజెక్టు వైన్‌ను పులియబెట్టే ఈస్టు మీద. ఫిబ్రవరిలో బస్సెక్కి రాష్ట్ర సరిహద్దులోని ద్రాక్ష ఊళ్లకు వెళ్లి, మూడు రోజులు చిన్న చిన్న వైనరీలు తిరిగాను. మొదటి చోట యంత్రం గుత్తుల్ని చీల్చి తొడిమల్ని ఒక పక్కకు ఉమ్మేస్తోంది. పనివాళ్ల చేతులు కందిరీగలు కుట్టి ఉబ్బిపోయి ఉన్నాయి. రెండో చోట పులుస్తున్న తొట్టి మీదికి వంగి వాసన చూడబోతే, ఓనరు ముసలాయన నా జడ పట్టి వెనక్కి గుంజాడు. నేను వెల్లకిలా పడ్డాను. ఆ తొట్టిలో గాలి ఆడక పోయినేడు ఆయన తమ్ముడు చనిపోయాడట. మూడోది ఒక్క షెడ్డు, పన్నెండు పీపాలు. నడిపేది ఒక మేడమ్. క్రిస్మస్‌కు మిగిలి నా సంచిలో ఉన్న పెద్దమ్మ వైన్ ఆమె నోట్లో పోసుకుని, పుక్కిలించి ఉమ్మేసింది. రెండో గుక్క మాత్రం మింగింది.

"ఎవరు చేసిండ్రు?" అని అడిగింది.

జూన్‌లో రిజల్ట్ వచ్చిన మధ్యాహ్నమే ఆ మేడమ్ ఫోను. నాకు ల్యాబ్‌లో పని. పెద్దమ్మను కూడా తీసుకురమ్మంది. "ఈ ఏడాది జాడీల ఉన్నది తీస్కరా. పోయినేటి లెక్కనే ఉంటే ఆమెను ఈడనే ఉంచుకుంట."

మిఠాయి పొట్లంతో గల్లీలోకి పరుగెత్తాను. మూలమీద ఆటోలో పెద్దబాపు కూర్చుని ఉన్నాడు.

"ఏందే, గట్ల ఉరుకుతున్నవ్? పోలీసులు ఎంట వడ్డరా?"

"పాసైన పెద్దబాపూ! ఫస్ట్ క్లాస్! నౌకరి గూడ వచ్చింది! పెద్దమ్మకు గూడ!"

"దానికి సంతకమే రాదు. గదేం నౌకరే?"

"వైన్ రుచి జూసి ఇస్తుండ్రు! ఖాలా మెట్ల కింద జాడీ ఉన్నది గదా, గది..."

అప్పటికి గానీ నా నోరు మూతపడలేదు. ఆయన నా పొట్లంలోంచి లడ్డూ తీసి మొత్తం నోట్లో పెట్టుకుని, చేతులు లుంగీకి తుడుచుకుని లేచాడు.

నేను అందుకునేసరికే పిండి పగలగొట్టి జాడీ ఎత్తి తాగుతున్నాడు. పెద్దమ్మ ఉరికొచ్చి జాడీని రెండు చేతులా వాటేసుకుంది.

"మూడేండ్లు! మూడేండ్లు మందోళ్ల ఇంట్ల దాస్తవా?" అంటూ జాడీ మూతతో ఆమె నెత్తిన కొట్టాడు.

"కొట్టు. జాడీ ముట్టకు," అంది పెద్దమ్మ.

ఆమె మణికట్టు మెలిపెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన చేతిని కొరికాను. నన్ను గోడకేసి కొడితే పెదవి చీలింది. తర్వాత జాడీని తన్నాడు. వైన్ ఖాలా వాకిలంతా పారింది.

పెద్దమ్మ ఒక్క క్షణం ఆ తడి వైపు చూసింది. మెట్ల కింది తెడ్డు ఎడమ చేత్తో తీసి ఆయన భుజం మీద వేసింది. రెండో దెబ్బకు ఆయన మోకాళ్ల మీద పడ్డాడు. ఆమె ఆగలేదు. వీపు మీద, మళ్లీ భుజం మీద. తెడ్డు నిలువునా చీలింది.

"చంపితే బయట చంపక్కా, నా మెట్ల కాడ గాదు!" అని అరుస్తూ ఖాలా ఆమె నడుం పట్టి లాగింది.

జాడీ అడుగు పెంకు దోసిలిలా నిలబడి ఉంది. అందులో మిగిలిన రెండు గ్లాసుల వైన్‌ను చున్నీతో వడకట్టి నా నీళ్ల సీసాలో పోసుకున్నాను.

ఆ సాయంత్రం ఆస్పత్రిలో ఇద్దరిదీ ఒకే బల్ల. ఆయనకు భుజం, ఆమెకు మణికట్టు.

"రేపు ఇంట్లకు రా, నీ సంగతి జెప్త," అన్నాడు ఆయన. పెద్దమ్మ వినపడని చెవి ఆయన వైపు తిప్పి కూర్చుంది. మేడమ్‌కు ఆ వైన్ నచ్చకపోతే ఆమె తిరిగి వెళ్లాల్సింది ఆ ఇంటికే. సీసా మూత మళ్లీ బిగించాను.

మర్నాడు షెడ్డులో మేడమ్ సీసాను వెలుగులో పెట్టి చూసింది. "మడ్డి కలిసింది. జాడీ పలిగిందా?"

"పలగ్గొట్టిండు," అంది పెద్దమ్మ.

మేడమ్ ఆమె కట్టు చూసింది, వైన్ తాగింది, మళ్లీ తాగింది. రెండుసార్లూ మింగింది. "దీనికింక ఆర్నెల్లు గావాలె. ఉంటవా?"

"దేంట్ల వేసుడమ్మా? జాడీ లేదు గద."

"పన్నెండు పీపాలున్నయ్."

షెడ్డు వెనక గది చూపించారు. లోపల గడియ ఉన్న ఇనుప తలుపు, ఒక మంచం. పెద్దమ్మ లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది. గడియ పడిన చప్పుడైంది. తీసిన చప్పుడు, మళ్లీ పడిన చప్పుడు. సంచులు పట్టుకుని ఎండలో నిలబడ్డాను.

"పెద్దమ్మా, నన్ను గూడ రానియ్యి!"

"ఆగు బిడ్డా," అంది లోపలి నుంచి. "ఇంగొక్కపారి ఏస్త."