తాలు కంకి

మైదా జిగురు ఉడికే వాసన తగిలితే నాకు ఇప్పటికీ పడదు. నిన్న మా అమ్మాయి బడి చార్టు కోసం, టేపు చాలమ్మా అని అది అంటున్నా వినకుండా, పొయ్యి మీద గిన్నె పెట్టానో లేదో, వన్ టౌన్‌లోని మా ఐదో తరగతి గది కళ్ళ ముందుకొచ్చింది.

పంద్రాగస్టుకి వారం ముందు నుంచీ ఆ గదంతా ఇదే వాసన. వానకి చెమ్మెక్కిన సున్నపు గోడలు, పురికొసకి వరసగా అంటించిన కాగితం జెండాలు, వేళ్ళ మీద ఎండి పొరలుగా ఊడే జిగురు, చివర్న పంచబోయే బూందీ మీద ఆశ. ఆ ఏడు టీచరుగారు కొత్త మాట చెప్పారు. రెండేసి జెండాల మధ్య ఒక్కొక్కరి ఇంటి గుర్తు ఉండాలట, గదిలో అందరూ కనపడాలట. దర్జీ కూతురు కత్తెర గీసింది, రైతుల పిల్లలు వరి కంకులు గీశారు.

మాది బందరు పక్క రేవు. వన్ టౌన్‌కి వచ్చాక అమ్మ మార్కెట్లో చేపలమ్మేది. నేను పక్కన కూర్చుంటే ముక్కు మూసుకునే ఆ గదిలో చేపని తగిలించే ధైర్యం నాకు లేకపోయింది. వరి కంకి గీసేశాను.

పక్క బెంచీ రాజ్యం, ఉయ్యూరు రైతుల పిల్ల, చూసి నవ్వింది.

"నిటారుగా నిలబెట్టావేంటే? గింజ పట్టిన కంకి వంగుద్ది. ఇది తాలు కంకి. మీకసలు పొలముందా?"

ఉందన్నాను. ఆ క్షణం నుంచీ అన్నం సయించలేదు. జెండా రోజు అమ్మలంతా వస్తారు. జ్వరమన్నా వస్తుందేమోనని రోజూ నుదురు పట్టి చూసుకున్నాను, రాలేదు.

అమ్మ తలంటుకుని, కనకాంబరాలు పెట్టుకుని, చేతులు మూడుసార్లు సబ్బుతో తోముకుని వచ్చింది. తోరణమంతా చేప కోసం వెతికింది.

"మనదేదమ్మా?"

రాజ్యం చూస్తుండగానే కంకిని చూపించాను. అమ్మ దానికేసి కాసేపు చూసి, కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. బాగుందంది. బూందీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. నా జన్మలో నేను చేసిన పాడు పని అదే.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర మా అమ్మాయి బడిలో జెండాలన్నీ అచ్చేసినవి. పురికొసా లేదు, బూందీ లేదు. అమ్మా లేదు. ఇంటి గుర్తు గీసుకురమ్మన్నారట, చేప గీయమన్నాను, పొలుసులతో సహా. అది పెన్సిల్ చెక్కుతూ అడిగింది.

"వేరే ఏదన్నా గీయనా అమ్మా?"

పొయ్యి మీద జిగురు అడుగంటసాగింది. నా చెయ్యి నాకు తెలియకుండానే కొంగు దగ్గరికి పోయింది.