పద్నాలుగో నంబరు కిటికీ

"రెండు హాట్‌డాగ్‌ల కోసం రెండు టచ్‌డౌన్‌లు చూడకుండా పోగొట్టుకున్నానమ్మా. ముప్పావుగంట నిలబెట్టి ఇప్పుడు బన్ను లేదంటారా?"

"లేదనలేదు బాబూ, వస్తోందన్నాను. మీ అమ్మగారి తుంటి నయమైందా?"

"మా అమ్మ తుంటి సంగతి ఇప్పుడెందుకండీ."

"ఆపరేషనయ్యాక ఒక్క ఆదివారం కూడా చర్చిలో కనబళ్ళేదు. అందుకని అడిగా."

వరుసలో వెనకెవరో నవ్వారు. ఇంకెవరో తిట్టారు. భుజాన ఐసు సంచీతో వెనక తలుపులోంచి వస్తున్నవాణ్ణి నేను అక్కడే ఆగిపోయాను. జట్టు టోపీ పెట్టుకున్న ఆ మనిషి కాసేపు పళ్ళు నూరి, చివరికి అమ్మ కర్ర పట్టుకుని నడుస్తోందని ఒప్పుకున్నాడు. ఏ కాలు, ఏ డాక్టరు, మెట్లెక్కగలదా అని కిటికీలో ఆవిడ అడగడానికి ఇంకో రెండు నిమిషాలు పట్టింది. పైన జనం ఒక్కసారిగా గర్జించారు. మూడో టచ్‌డౌన్ కూడా చూడకుండానే పోయిందని ఆయనకు అర్థమైంది. హాట్‌డాగ్‌లు అందుకుని, తిన్నగా ఫిర్యాదుల బల్ల వైపు నడిచాడు.

మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో తిండి కొట్లు ఇంత అధ్వాన్నంగా ఎందుకుంటాయని ఊరంతా అడుగుతుంది. మిగతా కొట్ల సంగతి నాకు తెలియదు. పద్నాలుగో నంబరుకు మాత్రం కారణం వెర్నా స్ట్రిక్లాండ్ అనే డెబ్బై ఒక్కేళ్ళ మనిషి. ఊళ్ళో అందరికీ మిస్ వెర్నా.

ఈ కొట్లలో నిలబడేవాళ్ళు జీతగాళ్ళు కారు. కాంట్రాక్టు కంపెనీ ఒక్కో కొట్టును ఒక్కో చర్చికో బడికో అప్పజెబుతుంది. వాళ్ళు ఊరికే వచ్చి పని చేస్తే, అమ్మకాల్లో కొంత వాళ్ళ సంఘానికి వెళుతుంది. జీతమిచ్చేది ఐసు, సిరప్ డబ్బాలు మోసే నాలాంటివాళ్ళకే. పద్నాలుగో నంబరు మిస్ వెర్నా చర్చిది. చర్చి కప్పు కారుతోంది గనక వచ్చే పన్నెండు మందిలో అరవై అయిదు దాటనివాళ్ళు లేరు. కుర్రాళ్ళు రారు. వాళ్ళు పైన కూర్చుని ఆట చూస్తూ మమ్మల్ని తిట్టుకుంటారు.

మిస్ వెర్నా ఇరవై ఎనిమిదేళ్ళు బడి భోజనశాలలో గరిటె పట్టింది. మా ఊళ్ళో నలభై లోపు వాళ్ళందరికీ ఉడికిన బంగాళాదుంప ముద్ద ఆవిడే వడ్డించింది, నాకు కూడా. ఎవరికి పాలు పడవో, ఎవరి నాన్న ఇల్లు వదిలి వెళ్ళాడో ఆవిడకు తెలుసు. పళ్ళెం పట్టుకుని వచ్చిన ప్రతి పిల్లవాణ్ణీ ఏదో ఒకటి అడిగి పంపడం ఆవిడకు అలవాటు. ఆ పిల్లలే ఇప్పుడు గడ్డాలు పెంచుకుని బీరు కోసం వస్తున్నారు. అడక్కుండా ఎలా పంపేది? అక్కడది మంచితనమైంది, ఇక్కడ నలభై మంది వరుసైంది. నేను ఈ మాట మొహం మీదే చెప్పాను. "వాళ్ళు తొందరపడితే ఆట తొందరగా అయిపోతుందా నాయనా?" అంది.

అసలు ఆవిడ ఈ కొట్టుకు వచ్చింది చర్చి పైకప్పు కోసం కాదు. మనవరాలు టెస్సా కోసం. కూతురు పోయాక ఆవిడే పెంచిన పిల్ల. యూనివర్సిటీ బ్యాండులో ట్రంపెట్ ఊదుతుంది. టికెట్టు కొనే స్తోమత లేదు, కొట్టులో పని చేస్తే లోపలికి ఊరికే రానిస్తారు, కిటికీలోంచి పిల్ల కనబడుతుందనుకుంది. వచ్చాక చూస్తే కొట్టు జనం కూర్చునే మెట్ల కింద ఉంది, కిటికీకి ఎదురుగా మగవాళ్ళ మరుగుదొడ్డి గోడ ఉంది. బ్యాండు మైదానంలోకి వచ్చేది ఆట మధ్య విరామంలో. స్టేడియం మొత్తం తిండికి దిగేదీ అప్పుడే. నాలుగేళ్ళుగా ఒక్క విరామంలోనూ ఆవిడ కిటికీ వదల్లేదు. డోలు దెబ్బలు మాత్రం కాంక్రీటులోంచి దిగివచ్చేవి. బీరు పోస్తూ ఒక్క క్షణం తల పైకెత్తేది. వరుసలో వాళ్ళకు అది కూడా ఆలస్యమే. టెస్సా స్నేహితులు ఫోనులో తీసి చూపిస్తే, "చీమల బారు బాగుంది, అందులో మాది ఏ చీమ?" అని అడిగింది.

వదలకపోవడానికి ఒక కారణం ఉంది. బీరు గొట్టం తెరిచి ఉన్నంతసేపూ, దాని లైసెన్సు కార్డు ఉన్న మనిషి కొట్టులో ఉండాలి. పద్నాలుగులో ఆ కార్డు ఆవిడ ఒక్కదానికే ఉంది. ఆగస్టులో ఆ కార్డు తెచ్చుకోమని నన్నడిగింది. అయిదు గంటల పాఠం, ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చేసుకోవచ్చు. నవంబరులో ఆఖరి ఆట, ఆ రోజు టెస్సా మైదానం నడిమధ్య ఒంటరిగా నిలబడి నలభై సెకన్లు ఊదుతుంది, ఆ తర్వాత చదువు అయిపోతుంది, ఇక బ్యాండు లేదు, ఆ పావుగంట నువ్వు కిటికీ చూసుకోవాలి అంది. సరేనన్నాను. మూడు గంటల పాఠం చేశాను. తర్వాత తెరవలేదు. ఇదే యూనివర్సిటీలో రెండో ఏడు చదువు కూడా అలాగే మధ్యలో వదిలేశాను. సాకులు చెప్పను. ఆవిడ అడిగినప్పుడల్లా అయిపోవస్తోందన్నాను. అక్టోబరు వచ్చాక అడగడం మానేసి, చర్చిలో పాటలు పాడే డెల్బర్ట్‌ను పట్టుకుంది. ఆయనకు పాత కార్డు ఉంది.

ఇవాళే ఆ ఆఖరి ఆట. డెల్బర్ట్ ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. మిస్ వెర్నా ముందే ఏప్రాన్ మడిచి పెట్టుకోవడానికి జేబు ఖాళీ చేసుకుంది. విరామానికి ఇంకా పావుగంట ఉందనగా టోపీ మనిషి ఫిర్యాదు విని కంపెనీ తరఫున పమేలా రిగ్స్ వచ్చింది. పొద్దున ఆరింటి నుంచి తిరుగుతున్న మనిషి. తిట్టే ఓపిక కూడా లేదు. వరుసను చూసింది, బన్నుల పెట్టెలు చూసింది, విరామంలో మిస్ వెర్నా బదులు డెల్బర్ట్ ఉంటాడని చెబితే కార్డు చూపించమంది. డెల్బర్ట్ పర్సులోంచి ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్న కార్డు తీసి గర్వంగా ఇచ్చాడు.

"దీని గడువు సెప్టెంబరుతో అయిపోయిందండీ," అంది పమేలా.

డెల్బర్ట్ కళ్ళజోడు పైకీ కిందికీ జరిపాడు. "చేపలు పట్టే లైసెన్సు అప్పుడే కదా మార్పించా. దాంతో ఇది కూడా మారిపోయిందనుకున్నా."

ఎవరూ నవ్వలేదు. పమేలా గోడకు చేరబడి నెమ్మదిగా చెప్పింది. కావాలంటే మిస్ వెర్నా వెళ్ళొచ్చు, కానీ బీరు ఆపాలి. ఆఖరి ఆట విరామంలో బీరు ఆపితే, ఈ ఫిర్యాదు కూడా కలిపి, వచ్చే ఏడు ఈ కొట్టు మీ చర్చికి రాదు. అది తన చేతిలో లేదంది. నిజమే చెప్పిందనుకుంటాను. కొట్టులో పదకొండు మంది ముసలివాళ్ళు హాట్‌డాగ్‌ల వంక, నేల వంక చూశారు. ఎవరూ మిస్ వెర్నా వంక చూడలేదు.

ఆవిడ ఏప్రాన్ ముడి ఇంకోసారి బిగించుకుంది. డెల్బర్ట్ ఏదో చెప్పబోతే, నువ్వెళ్ళి మొక్కజొన్న పేలాలు చూడు, మాడుతున్నాయంది.

నేను సిరప్ డబ్బా మారుస్తూ ఆవిడ పక్కకు వెళ్ళాను. పాఠం మూడు గంటలే చేశానని, అయిపోవస్తోందన్నది అబద్ధమని చెప్పాను.

"తెలుసు," అంది బీరు గ్లాసులు పేరుస్తూ. "కార్డు వచ్చినవాడు జేబులో పెట్టుకుని తిరగడు. తెచ్చి చూపిస్తాడు."

"తిట్టరేం?"

"వరుస చూశావా? తిట్టడానికి టైమేదీ."

పైన విరామం ఈల వేశారు. మెట్ల మీద వందల కాళ్ళ చప్పుడు మొదలైంది. వరుస మరుగుదొడ్డి గోడదాకా, గోడ దాటి మూల మలుపుదాకా పెరిగింది. అందరికంటే ముందు నిలబడింది మళ్ళీ ఆ టోపీ మనిషే. రెండు బీర్లు అడిగాడు. ఆవిడ ఆయన్ని ఏమీ అడగలేదు. పోసి ఇచ్చింది. ఆయన గ్లాసులు పట్టుకుని, ఇంకేదో అంటుందని కాసేపు నిలబడి, వెళ్ళిపోయాడు. తర్వాతి మనిషినీ ఏమీ అడగలేదు. నాలుగేళ్ళలో మొదటిసారి మా వరుస చకచకా కదిలింది.

కాంక్రీటులోంచి మొదటి డోలు దెబ్బ దిగింది. ఆవిడ ఈసారి తల ఎత్తలేదు. చేయి చాపి నా చొక్కా పట్టుకుని దగ్గరకు లాగింది.

"ఇరవయ్యో గేటు మెట్లెక్కు. ఫోను తియ్యకు, ఫోను పట్టుకున్నవాడికి ఏదీ కనబడదు. మధ్యలో ఒక్కతే నిలబడుతుంది, అదే మా పిల్ల. ఊదే ముందు ఎడమ భుజం ఎగరేస్తుంది చిన్నప్పటి నుంచీ. ఎగరేసిందో లేదో చూడు. ఊదాక నవ్విందో లేదో చూడు. నలభై సెకన్లే నాయనా. మధ్యలో వచ్చెయ్యకు. అయిపోయేదాకా ఉండి, వచ్చి నాకు చెప్పు."