గుమ్మానికి ఎదురుగా ఉన్న రేల చెట్టు

ఏళ్ల తరబడి ఒక మాట మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. చెప్పి బాగుపడదామని కాదు. ఇక మోయలేక.

విశాఖలో, సముద్రం కనబడే కొండవాలు మీద ఉంటుంది మా కాలనీ. గేటు దగ్గర్నుంచి కొండ మీది నడకదారి వరకు రెండు వైపులా రేల చెట్లు. ఎండలు ముదిరే వేళకి ఆకు కనబడకుండా పసుపు గుత్తులు వేలాడతాయి. రుషికొండ ఆఫీసుల్లో పనిచేసే కుర్రకారు పొద్దున్నే కెమెరాలతో దిగుతారు. పెళ్లి ఫోటోలకు జంటలు వస్తాయి. మావాళ్లకు అదో గొప్ప. చుట్టాలకు ఇంటి గుర్తు చెప్పాలన్నా పూలదారి అనే చెబుతాం. పెద్ద తుఫానుకు ఊళ్లో చెట్లన్నీ కూలుతుంటే, వంగిపోయిన వాటికి తాళ్లు కట్టి, గుంజలు పాతి నిలబెట్టుకున్నాం. నేనూ తాడు పట్టుకున్నాను. మా ఇంటి ముందు చెట్టుకే పట్టుకున్నాను.

ఆ చెట్టునే తర్వాత చంపాను.

ఎందుకో చెబితే నవ్వుతారేమో. మాకు రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఆవిడ మంచం దిగలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. మా అత్తగారు రాజమండ్రి నుంచి వాస్తు చూసే పెద్దమనిషిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన మా గడపలో నిలబడి ఎదురుగా వేలు చూపించాడు. సింహద్వారానికి సూటిగా చెట్టుంటే ద్వారవేధ అన్నాడు. ఈ ఇంట్లో పిల్లలు నిలవరన్నాడు. గుమ్మం మారుద్దామంటే ఇంకోవైపు పక్కవాళ్ల గోడ. చెట్టు కొట్టేస్తామంటే కాలనీ ఊరుకుంటుందా? నాకసలు వాస్తు మీద నమ్మకం ఉందా? లేదనే నలుగురిలో అనేవాణ్ణి. మరి చెయ్యి ఎలా ఆడింది?

ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో సూపర్‌వైజర్ని నేను. డ్రిల్లు, బ్యాటరీ యాసిడ్ ఇంటికి తెచ్చుకోవడం నాకో పని కాదు. ఒక ఆదివారం భోజనాలయ్యాక, కాలనీ అంతా కునుకు తీస్తున్నప్పుడు, కాలువ బాగుచేస్తున్నట్టు కూర్చుని, మొదట్లో వేళ్ల సందున కన్నాలు వేసి పోశాను. మట్టితో మూశాను. పై ఆదివారం ఇంకొంచెం. ఆ ఏడు దారంతా పూసింది. మా చెట్టు పూయలేదు. కొమ్మలు ఎండి, బెరడు ఊడొచ్చింది.

దాని కింద నూకాలమ్మ కూర్చునేది. జాలరిపేట నుంచి చేపల తట్టతో ఆటోలో వచ్చి, మధ్యాహ్నం దాకా ఆ నీడలోనే అమ్ముకునేది. చేపల మీది ఐసు కరిగి నీచునీళ్లు కారేవి. వాటిని డబ్బాలో పట్టి, రోడ్డు దాటి వెళ్లి, అవతలి కాలువలో పారబోసి వచ్చేది. ఆదివారాల్లో వరండాలో కూర్చుని ఎన్నిసార్లు చూశానో.

చెట్టు చచ్చిందనగానే కాలనీకి ఇంకెవరూ కనబడలేదు. నీచునీళ్లు పోసి చంపేసిందన్నారు. పూలదారిలో చేపల కంపేమిటని ఎప్పట్నుంచో గొణిగేవాళ్లకు సాకు దొరికింది. ఆవిణ్ణి అక్కణ్ణుంచి పంపించేయడానికి పెద్దలంతా కలిసి వచ్చిన రోజు, ఆవిడ నేరుగా మా గుమ్మం దగ్గరికి వచ్చింది.

"బాబూ, నువ్వు సూత్తన్నావు కదా. నాను ఏపొద్దయినా సెట్టు మొదట్లో నీల్లు పోసానా? ఆలకి ఒక్క మాట సెప్పు."

"నేను రోజంతా ఆటోనగర్‌లో ఉంటాను కదా నూకాలమ్మా. నాకేం తెలుస్తుంది?"

"ఏటి బాబూ అలగంతన్నావు? ఆ సెట్టు సచ్చిపోతే ఎండలో కూకునేది ఎవులు? నానే కదా. నా నీడ నానే సంపుకుంతానా?"

నేను లోపలికొచ్చి తలుపు వేసుకున్నాను.

యాసిడ్ సంగతి చెప్పనక్కర్లేదు. ఆవిడ నీళ్లు కాలువలోనే పోస్తుందని ఒక్క ముక్క అంటే సరిపోయేది. ఎందుకనలేదు? ఆవిడ కాకపోతే మరెవరని వెతుకుతారేమోనని భయం. అంతేనని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కానీ నిజం అది కాదు, నా తప్పు తన నెత్తికెత్తుకోవడానికి ఒక మనిషి దొరికినందుకు ఆ క్షణాన నాకు లోపల హాయిగా అనిపించింది. ఇది ఒప్పుకోవడం యాసిడ్ సంగతి ఒప్పుకోవడం కన్నా కష్టంగా ఉంది.

తర్వాత ఆవిడ తట్ట నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగింది. మోకాళ్ల నొప్పుల మనిషి. రోహిణి కార్తె ఎండల్లో, పై వీధికి ఎక్కే మలుపు దగ్గర పడిపోయింది. వడదెబ్బ. ఆసుపత్రికి చేరేలోపే పోయిందని ఆవిడ తోటికోడలు మా గేటు దగ్గరికొచ్చి చెప్పింది. మా ఆవిడ కళ్లొత్తుకుంది. అప్పటికి తను మళ్లీ కడుపుతో ఉంది. నేను ఆ పూట అన్నం తిన్నాను. కడుపునిండా తిన్నాను.

పాప పుట్టింది. నిలిచింది. ద్వారవేధ వట్టిమాటైతే ఊరికే ఒక మనిషిని బలిచ్చాను. నిజమైతే, ఆ ప్రాణం పెట్టి ఈ ప్రాణం తెచ్చుకున్నాను. ఏది నిజమైతే నాకు నయం? పాప నిద్రలో నా మీద చెయ్యి వేసినప్పుడు, మళ్లీ ఆ రోజే వస్తే ఆ పని మానేస్తావా అని నన్ను నేను అడుగుతాను. మానేస్తానని ఒక్కసారి కూడా అనలేకపోయాను.

ఎండిన చెట్టును కాలనీవాళ్లు కొట్టించేశారు. అక్కడ ఇంకో మొక్క నాటుతామంటే, నీళ్ల పైపు దెబ్బతింటుందని నేనే ఆపాను. ఈ వసంతంలో మా పాప బళ్లో స్నేహితుల్ని పూలదారి చూడటానికి పిలుచుకొచ్చింది. నేను వెనకాల నడుస్తున్నాను. ఆ ఖాళీ దగ్గర ఆగింది.

"ఇక్కడో చెట్టుండేదంట. చేపలమ్మే ఆవిడొకత్తి చంపేసిందంట. మా నాన్న చెప్పారు."

అవును, నేనే చెప్పాను. ఎప్పుడో అడిగితే చెప్పాను. పిల్లలంతా నావైపు చూశారు. నేను తల ఊపాను.

ఆ సాయంత్రమే ఇది రాయడం మొదలుపెట్టాను. పాపకు చెప్పే ధైర్యం లేదు. నూకాలమ్మకు పిల్లలున్నారో లేదో కూడా నేను ఏనాడూ కనుక్కోలేదు. చెట్టును చంపింది నేను. ఆవిడ కాదు. ఇంతవరకు ఈ మాట గొంతు దాటలేదు, కాగితం మీదా పడలేదు. ఇప్పుడు పడింది. కొంచెం తేలిగ్గానే ఉంది. ఆవిడకు మాత్రం దీనివల్ల ఒరిగేదేమీ లేదు.