గాలికి వంతులు

మా మరిది పోయాడన్న సంగతి కంచె సందులోంచి తెలిసింది. తెల్లవారుజామున పొయ్యి ముట్టిస్తున్నాను. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మా తోడికోడలు ఆ పొద్దు అవతలి పెరట్లోంచి మెల్లిగా, "అక్కా, ఆయన లేవలేదక్కా" అంది.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఇది పోయినవాణ్ణి పొగడడానికి మాత్రమే కాదు. కర్మలు ముగిశాయో లేదో, నా కొడుకూ అతని కొడుకూ కలిసి, పాత కంచె తీసేసి గోడ కడతామన్నారు. గోడకు అడ్డమని, కంచెలో మరిది నాటిన గాలిమర కంబం కూడా పీకేస్తామన్నారు. రేపు నేనూ పోయాక ఆ మాట మళ్లీ లేవకూడదు. అందుకే రాయిస్తున్నాను.

అన్నదమ్ములు వేరుపడిననాడు వేసిన కంచె అది. చోళపురం పొలంలో బావినీ అప్పుడే పంచుకున్నారు. ఒకరోజు మా వంతు, మరునాడు వాళ్ల వంతు. మా ఆయన ఉన్నన్నాళ్లూ కంచె దాటి మాట పోలేదు. ఆయన పోయిన తరువాత మొదట పలికింది మరిదే. గాలిమరల కంపెనీలో ఫిట్టరు పని చాలించుకుని ఇంటికి వచ్చేసిన కొత్త అది. మాట మొదలుపెట్టే ముందు తుండు కొస పైకెత్తి గాలి ఎటు పోతోందో చూడడం అతని అలవాటు. పెళ్లి పందిట్లో కూడా అంతే.

"కొండ సందులోనుంచి వచ్చే గాలి మన ఊరి మీదనే పోతాది. పోయేటప్పుడు ఊరికి ఒక దీపమన్నా పెట్టి పోవద్దా?" అనేవాడు. పెద్ద గాలిమరల కరెంటు ఎక్కడికో పోతుంది, చిన్న ఊరికి వీధికొక చిన్నది చాలునని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. కాఫీ ఇచ్చి పంపారు, ఎవరూ పెట్టుకోలేదు. చివరికి తానే ఒకటి తయారుచేసుకుని కంచె దగ్గరికి వచ్చాడు.

"నా పక్క నాటితే నాదంటారు, మీ పక్క నాటితే మీదంటారు. కంచెలోనే నాటేస్తాను వదినా."

ఊరికే ఇచ్చేది నాకు వద్దన్నాను. బావికున్నట్టే దీనికీ వంతు పెట్టమన్నాను. బావి నీళ్లు రేపటికీ ఉంటాయి, గాలికి వంతేమిటని నవ్వాడు. నవ్వుతూనే కంబానికి పిడి ఉన్న స్విచ్చు బిగించాడు. ఎవరి వంతు నాడు వాళ్లింటి బ్యాటరీకి కరెంటు ఎక్కుతుంది.

గాలులు జోరుగా కొట్టే ఆడి నెలలో గొడవ లేదు, గాలి అందరికీ మిగిలేది. తక్కిన నెలల్లో నా వంతు చూసి మరీ గాలి పడిపోయేది. అప్పుడు తన వంతు నాడు కంచె దగ్గరికి వచ్చి పిడి మా వైపు తిప్పేవాడు. "ఈ పొద్దు గాలి మీరే పెట్టుకోండి, ఫ్యాను లేకుంటే మీకు నిద్ర పట్టదు గదా."

"నీ ఇంట్లో మనుషులు లేరా?"

"ఉండారు. వాళ్లకు విసనకర్ర ఉండాది."

ఒక ఆడి నెలలో నా కొడుకు కంచెకు రేకులు కట్టాడు. గాలి వాటిని లేపి వీధిలో పడేసింది. మరిది తాటి మట్టలు తెచ్చి, మధ్యలో సందులు వదిలి కట్టి వెళ్లాడు. అవి నిలిచాయి.

వంతు పెట్టమన్నందుకు బంధువులు నన్ను గయ్యాళి అన్నారు. అననీ. నాది, నీది అని ఉంటేనే కదా ఒకరు తనది తీసి ఇంకొకరికి ఇవ్వగలిగేది. హద్దు వద్దని నేను ఎన్నడూ అనలేదు. చెదపట్టిన కంచె పీకండి, కొత్తది వేయండి. గోడ మాత్రం వద్దు.

మేస్త్రి వచ్చి గోడకు కొలతతాడు లాగిన పొద్దు నేను కంబం మొదట్లో కూర్చున్నాను.

"లేమ్మా, మేస్త్రి కాచుకోని ఉన్నాడు" అన్నాడు నా కొడుకు.

"ఆయన్నీ కూర్చోమను" అన్నాను.

అంతలో, మొగుడు పోయింది మొదలు గడప దాటని తోడికోడలు పెరట్లోకి వచ్చి, అవతలి వైపు కంబానికి ఆనుకుని కూర్చుంది. ఇద్దరు ముసలమ్మల్ని ఎవరు లేపుతారు? మేస్త్రి తాడు చుట్టుకున్నాడు.

ఇప్పుడు రాతి కంబాలు నాటి తీగలు లాగారు. గాలిమర మధ్యలో తిరుగుతోంది. నిన్న తోడికోడలు ఆ తీగ మీద మరిది పంచె ఆరేసింది. కట్టేవాడు లేకపోయినా ఆమె ఇంకా ఉతుకుతూనే ఉంది. అది గాలికి ఉబ్బి మా పెరట్లోకి వచ్చి, గిన్నెలు కడుగుతున్న నా భుజానికి తగులుతూ ఉంది. నేను పక్కకు తొయ్యలేదు.